జనగణమన: సంగీత నిర్మాణం

భారత జాతీయ గీతం ‘జనగణమన’ జాతీయ గీతంగా వాడడానికి రాసిన పాట కాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1911లో రాసి, తానే బాణీ కట్టిన ఐదు చరణాల ప్రార్థనా గీతంలో ఇది మొదటి చరణం. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ దీన్ని జాతీయ గీతంగా స్వీకరించింది. పూర్తిగా పాడడానికి సుమారు 52 సెకన్లు పడుతుంది. ఈ పాట అర్థం మీద, అది ఎవరిని ఉద్దేశించిందన్న వాదం మీద చర్చ ఎప్పుడూ నడుస్తూనే ఉంది. దాని బాణీని మాత్రం చిన్నప్పటి నుంచీ పాడుతున్నాం కాబట్టి, ఎలా కట్టారో ఆగి చూసేవారు తక్కువ. చూస్తే ఒక సంగతి తేటపడుతుంది: పెద్ద పాటలోంచి ఒక్క చరణాన్నే తీసుకోవడం వల్ల ఈ గీతానికి కొన్ని విలక్షణమైన సంగీత లక్షణాలు వచ్చాయి. వాటిలో ముఖ్యమైనది, పాట షడ్జం మీద కాక మధ్యమం మీద ఆగడం.

పుట్టుక

ఈ పాటను మొదట బహిరంగంగా పాడింది 1911 డిసెంబర్ 27న, కలకత్తాలో జరిగిన భారత జాతీయ కాంగ్రెస్ సమావేశాల్లో. మరుసటి నెలలో బ్రహ్మసమాజం వారి ‘తత్త్వబోధిని’ పత్రికలో ‘భారత విధాత’ పేరుతో అచ్చయింది. ఆ జనవరిలోనే బ్రహ్మసమాజం మాఘోత్సవంలోనూ పాడారు. ఐదో జార్జి చక్రవర్తి భారతదేశం వచ్చిన రోజులవి. కాంగ్రెస్ సభలో ఆయనకు స్వాగతంగా వేరొక హిందీ పాట కూడా పాడారు. కొన్ని ఇంగ్లీషు పత్రికలు ఆ రెంటినీ కలగలిపి రాయడంతో, జనగణమన ఆ చక్రవర్తిని ఉద్దేశించిన పాటన్న అపోహ పుట్టింది. పాటలోని విధాత ఏ రాజూ కాడని ఠాగూర్ 1937లో రాసిన ఉత్తరంలో స్పష్టంగా చెప్పారు.

బాణీని అర్థం చేసుకోవడానికి ఈ వివాదం కన్నా బ్రహ్మసమాజపు వాతావరణం ఎక్కువ పనికొస్తుంది. బ్రహ్మసంగీతం సామూహిక ప్రార్థన కోసం పుట్టింది. ఆరితేరిన గాయకుడు ఒంటరిగా రాగాలాపన చేసే కచేరీ పద్ధతికి అక్కడ చోటు లేదు. సంగీతం నేర్చుకోనివాళ్లు కూడా గొంతు కలపగలగాలి, మాట స్పష్టంగా వినబడాలి. ఇంగ్లండులో చదువుకునే రోజుల్లోనే పాశ్చాత్య సంగీతం విన్న ఠాగూర్ 1881 నాటి ‘వాల్మీకి ప్రతిభ’ గేయనాటికలో ఐరిష్ బాణీలు వాడుకున్నారు. బృందం కోసం పాట కట్టడం ఆయనకు అప్పటికే అలవాటైన పని.

మాత్రల లెక్క

పాట భాష సంస్కృత పదాలు నిండిన సాధు వంగభాష. మామూలు బెంగాలీ ఉచ్చారణలో హ్రస్వ దీర్ఘాల తేడా అంతగా పట్టించుకోరు. ఈ పాటలో మాత్రం ఠాగూర్ సంస్కృత పద్ధతిలో గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒక మాత్ర లెక్కకట్టారు. అందుకే తెలుగువాళ్ల నోట ఈ పాట చక్కగా ఒదిగిపోతుంది. మన ఛందస్సులో కూడా లెక్క అదే.

మొదటి పాదాన్ని గణవిభజన చేస్తే నాలుగేసి మాత్రల గణాలు నాలుగు వస్తాయి, అంటే 16 మాత్రలు. తెలుగులో మధురగతి రగడ పాదానికి ఉండే కొలత ఇదే. రెండో పాదంలో అవే చతుర్మాత్రా గణాలు మూడు, అంటే 12 మాత్రలు. పదహారు, పన్నెండు అనే ఈ జంట మూడుసార్లు వస్తుంది. ఆ తర్వాత పన్నెండేసి మాత్రల పాదాలు మూడు, మళ్లీ పదహారు పన్నెండుల జంట ఒకటి. చివరి జయధ్వానాలు కూడా నాలుగు మాత్రల కొలతలోనే నడుస్తాయి. ప్రాంతాల పేర్లు వరుసగా వచ్చే పాదం ఒక్కటే ఈ లెక్కకు పూర్తిగా లొంగదు. ఊళ్ల పేర్లు, దేశాల పేర్లు ఛందస్సు కోసం పుట్టవు కదా! అక్కడ ఒకటి రెండు దీర్ఘాలను పొట్టిగా పలికించి బాణీయే సర్దుబాటు చేస్తుంది. పిల్లలు ఎక్కువగా తడబడేది కూడా ఆ పాదంలోనే.

పాదాలు పొడుగూ పొట్టిగా ఉండడంలో ఇంకో ప్రయోజనం ఉంది. పన్నెండు మాత్రల పాదం చివరి అక్షరాన్ని సాగదీసి పాడతారు. వందమంది కలిసి పాడుతున్నప్పుడు ఊపిరి తీసుకోవడానికి, వెనకబడ్డవాళ్లు అందుకోవడానికి అక్కడ వీలు దొరుకుతుంది. చతురస్ర గతిలో నడిచే పాట కాబట్టి అడుగు వేసే సైనికుడికీ ఇబ్బంది లేదు.

రాగం ఏది?

చాలా పుస్తకాలు ఈ గీతం రాగం అల్హయ్యా బిలావల్ అని రాస్తాయి. ఈ మాటను యథాతథంగా ఒప్పుకోవడం కష్టం. అల్హయ్యా బిలావల్ అవరోహణలో కోమల నిషాదం వంకరగా తగులుతుంది. ఆ రాగాన్ని గుర్తుపట్టేదే దానితో. జాతీయ గీతంలో కోమల నిషాదం ఎక్కడా లేదు. పైగా ఆ రాగంలో లేని తీవ్ర మధ్యమం ఇందులో ఉంది. పాట బిలావల్ ఠాట్ స్వరాల మీద నడుస్తుందనడం వరకే సరైన మాట.

కర్ణాటక సంగీతంలో ఈ స్వరస్థానాలు 29వ మేళకర్త ధీరశంకరాభరణానివి. అలాగని దీన్ని కచేరీలో వినే శంకరాభరణంలా పాడరు. ఆ రాగానికి ప్రాణమైన గమకాలు ఇక్కడ ఉండవు. స్వరాలు నిటారుగా, ఊగకుండా నిలబడతాయి. ముత్తుస్వామి దీక్షితులు ఈస్టిండియా కంపెనీ వారి బ్యాండు వరుసలకు సంస్కృతంలో రాసిన నోటుస్వర సాహిత్యాలను విన్నవాళ్లకు ఈ తరహా శంకరాభరణం కొత్తేమీ కాదు. వాటిలో ఒకటి బ్రిటిష్ జాతీయ గీతం బాణీకే రాసిన అమ్మవారి కీర్తన. తెల్లవాడి బ్యాండు మేజర్ స్కేలు, మన శంకరాభరణం ఒకే స్వరస్థానాల మీద నిలిచాయన్న సంగతి దక్షిణాదిలో ఠాగూర్ పాటకు దాదాపు వందేళ్ల ముందే ఆచరణలో తేలింది.

స్వరగతి

హార్మోనియం ముందు కూర్చుని, ఒకటో శ్రుతి తెల్లమెట్టును షడ్జంగా పెట్టుకుంటే పాటంతా తెల్లమెట్ల మీదే వాయించవచ్చు, ఒక్క చోట తప్ప. బాణీ రహస్యాలు పట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

ఎత్తుగడ స, రి, గ అని మూడు మెట్లెక్కుతుంది. గాంధారం చేరాక అక్కడే నిలిచిపోతుంది. మొదటి పాదంలో వరుసగా తొమ్మిది అక్షరాలు ఆ ఒక్క స్వరం మీదే పలుకుతాయి. తర్వాత రి, గ తాకి మధ్యమం మీద పాదం ఆగుతుంది. ఒకే స్వరం మీద ఇన్ని అక్షరాలు నడవడం మంత్రపఠనానికి దగ్గరి పద్ధతి. పాడేవాడి దృష్టి స్వరం మీంచి మాట మీదికి మళ్లుతుంది. అక్షరానికి ఒక స్వరం అన్న కట్టుబాటు పాట పొడుగునా దాదాపు తప్పదు.

మధ్యమం మీద ఆగిన పాదం వినేవాడికి ఇంకేదో రావాలన్న భావం కలిగిస్తుంది. రెండో పాదం దానికి జవాబు చెబుతుంది: గాంధారం నుంచి రిషభానికి దిగి, మంద్రస్థాయి నిషాదాన్ని ఒక్కసారి తాకి, రిషభం మీదుగా షడ్జానికి చేరుతుంది. పాట మొత్తంలో గొంతు వెళ్లే అతి కింది స్వరం ఆ మంద్ర నిషాదమే.

ప్రాంతాల పేర్లు మొదలయ్యేసరికి స్వరం షడ్జం నుంచి ఒక్కసారిగా పంచమానికి దూకుతుంది. మొదటి పాదం గాంధారాన్ని పట్టుకుని నడిచినట్టే ఈ పాదం పంచమాన్ని పట్టుకుని నడుస్తుంది. చివర్లో ధైవతాన్ని తాకి మళ్లీ పంచమానికి వచ్చే చోట, ధైవతానికి ముందు నల్లమెట్టు తగులుతుంది. అదే తీవ్ర మధ్యమం, మన లెక్కలో ప్రతి మధ్యమం. శంకరాభరణానికి అది అన్యస్వరం. అరక్షణం కూడా నిలవదు, కానీ ఆ చిన్న స్పర్శ పంచమానికి ఎక్కడలేని వెలుగు తెస్తుంది. హడావిడిగా పాడే బృందాలు దాన్ని మింగేస్తాయి. శుద్ధ మధ్యమం వేసేసినా, అసలు మధ్యమమే లేకుండా పంచమం నుంచి ధైవతానికి వెళ్లినా పాట చప్పబడుతుంది. జాతీయ గీతం నేర్పే ఉపాధ్యాయులు మొదట సరిదిద్దవలసిన స్వరం ఇదేనని నా అభిప్రాయం.

దక్షిణ, తూర్పు ప్రాంతాల పేర్లు వచ్చే నాలుగో పాదం శుద్ధ మధ్యమం మీద నడిచి గాంధారం మీద ఆగుతుంది. కొండలు, నదుల పాదం మళ్లీ గాంధారంతో మొదలై పంచమం దాకా పోయి దిగుతుంది. సముద్ర తరంగాల పాదానికి రెండో పాదం ముక్తాయింపే వస్తుంది. పన్నెండు మాత్రల పాదాలు మూడూ ఒక కుదురుగా ఉంటాయి: మొదటిది మధ్యమం మీద, రెండోది గాంధారం మీద, మూడోది షడ్జం మీద ఆగుతుంది. అంచెలంచెలుగా దిగి ఇంటికి చేరే ఆ నడక పాటకు నడిమధ్య విశ్రాంతి. ఈ మూడింటిలో చివరిదానికి వాడిందీ పాట రెండో పాదం ముక్తాయింపే.

ఇక్కడి నుంచి బాణీ పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. పంచమం మీద నడిచిన వరుస, కొత్త మాటలతో దాదాపు అలాగే తిరిగొస్తుంది. దాని వెంట రెండో పాదం మాటలు యథాతథంగా మళ్లీ వస్తాయి, కానీ స్వరం వేరు. మొదటిసారి షడ్జం మీద స్థిమితంగా కూర్చున్న ఆ మాటలు ఈసారి నాలుగో పాదం బాణీలో వచ్చి గాంధారం మీద ఆగుతాయి. ముగింపు ఇంకా రాలేదని, పైన ఇంకేదో ఉందని ఆ గాంధారం చెబుతుంది. అన్నట్టే తొలి జయధ్వానం తారస్థాయి షడ్జానికి ఎగుస్తుంది. పాట శిఖరం అదే. రెండోది నిషాదం మీద, మూడోది ధైవతం మీద ఆగుతూ ఒక్కో మెట్టు దిగుతాయి. చివరి పాదం మధ్యస్థాయి షడ్జం దగ్గర మళ్లీ మొదలై, స, రి, గ అని ఎక్కి మధ్యమం మీద నిలుస్తుంది.

ఇలా లెక్కేస్తే పదమూడు పాదాలకు వాడిన విడివిడి స్వరవాక్యాలు దాదాపు ఎనిమిదే. స్వరవిస్తృతి మంద్ర నిషాదం నుంచి తార షడ్జం దాకా, అంటే ఒక స్థాయి కన్నా అరమెట్టు ఎక్కువ. అమెరికా జాతీయ గీతానికి ఒకటిన్నర స్థాయి విస్తృతి కావాలి. వృత్తిగాయకులు సైతం అక్కడ తడబడిన సందర్భాలు ఉన్నాయి. మన గీతం మామూలు గొంతుకు అందుబాటులో ఉండడం గొప్ప అదృష్టం.

మధ్యమం మీద ముగింపు

పాట ఏదైనా షడ్జానికి వచ్చి ముగియడం అటు పాశ్చాత్య సంగీతంలో, ఇటు మన సంగీతంలో మామూలు పద్ధతి. జనగణమన చివరి స్వరం శుద్ధ మధ్యమం. మొదటి పాదం ఆగింది కూడా దాని మీదే. అక్కడ రెండో పాదం వచ్చి షడ్జాన్ని అందించింది, ఇక్కడ అందించడానికి పాదం లేదు.

దీన్ని లోపంగా చూసేవారు అసలు పాటను మరిచిపోతున్నారు. ఐదు చరణాల్లో ప్రతి చరణం ఇదే జయధ్వానంతో పూర్తవుతుంది, వెంటనే తర్వాతి చరణం అందుకుంటుంది. చరణం చివర తలుపు తెరిచి ఉంచడం కోసమే ఆ మధ్యమం. జాతీయ గీతంగా మొదటి చరణాన్నే తీసుకున్నప్పుడు ఆ తెరిచిన తలుపు అలాగే మిగిలింది. చివరి పాదాన్ని షడ్జానికి దించి ‘సరిచేయాలి’ అన్న ఆలోచనకు అధికారిక కూర్పు తావివ్వకపోవడం మంచిదైంది. ఎక్కుతూ ఎక్కుతూ ఆగిన ఆ స్వరంలో ఉన్న బలం, దించి కూర్చోబెట్టిన షడ్జంలో ఉండేది కాదు.

మదనపల్లెలో స్వరలిపి

రాయలసీమలోని మదనపల్లెకు ఈ చరిత్రలో నిజమైన చోటు ఉంది. 1919లో దక్షిణదేశ పర్యటనలో ఉన్న ఠాగూర్ అక్కడి బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్లు బస చేశారు. అనీ బీసెంట్ స్థాపించిన ఆ కళాశాలకు అప్పట్లో ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాలు. విద్యార్థుల ఎదుట ఠాగూర్ ఈ పాట పాడి వినిపించారు. ఫిబ్రవరి 28న ‘భారత ప్రభాత గీతం’ అనే అర్థం వచ్చే శీర్షికతో దానికి తానే ఇంగ్లీషు అనువాదం రాశారు. కజిన్స్ భార్య మార్గరెట్ ఐర్లండులో సంగీతంలో పట్టా పొందిన విదుషి. ఠాగూర్ పాడినదాన్ని వింటూ ఆమె పాశ్చాత్య స్వరలిపిలో బాణీని రాసిపెట్టారు. కళాశాల ఆ పాటను తన ప్రార్థనా గీతంగా చేసుకుంది.

జాతీయ గీతానికి బాణీ మదనపల్లెలో పుట్టిందని తరచూ వింటాం. బాణీ 1911లోనే ఉంది. అక్కడ జరిగింది దాన్ని కాగితం మీద నిలబెట్టడం. ఈ పని విలువ తక్కువేమీ కాదు. నోటినుంచి నోటికి వెళ్లే పాట ఊరు మారేసరికి స్వరం మారుతుంది. స్వరలిపిలోకి ఎక్కిన పాటను ఎక్కడి వాద్యకారుడైనా వాయించగలడు.

బ్యాండు మీదికి

1942 సెప్టెంబర్ 11న జర్మనీలోని హాంబర్గ్‌లో సుభాష్ చంద్ర బోస్ పాల్గొన్న సభలో ఆర్కెస్ట్రా ఈ పాటను భారత జాతీయ గీతంగా వాయించింది. మరుసటి ఏడాది ఆజాద్ హింద్ ప్రభుత్వం కోసం ఇదే పాటను హిందుస్తానీలోకి మార్చి రాశారు. మాటల కూర్పులో అబిద్ హసన్, సంగీతపు కూర్పులో కెప్టెన్ రాంసింగ్ ఠాకురీ పాలుపంచుకున్నారు.

స్వతంత్రం వచ్చాక 1947లో న్యూయార్కులో ఐక్యరాజ్య సమితి సభల సందర్భంగా మన ప్రతినిధులను జాతీయ గీతం ఇమ్మని అడిగారు. వాళ్ల దగ్గర జనగణమన రికార్డు ఉంది. అక్కడి ఆర్కెస్ట్రా సాధన చేసి వాయించింది, అందరూ మెచ్చుకున్నారు. ఈ సంగతిని నెహ్రూ 1948 ఆగస్టులో రాజ్యాంగ సభకు వివరించారు. మాటల కన్నా బాణీ ముఖ్యమని, భారతీయ సంగీతపు స్వభావం పోకుండానే ఆర్కెస్ట్రాకు, సైనిక బ్యాండుకు ఒదగాలని ఆయన వాదన. వందేమాతరాన్ని కూడా బ్యాండుకు అనువుగా మలచడానికి మాస్టర్ కృష్ణరావ్ ఫులంబ్రికర్ ఎంతో శ్రమపడి బాణీలు కట్టి వినిపించారు. చివరికి 1950లో జనగణమన జాతీయ గీతమైంది. వందేమాతరానికి దానితో సమాన గౌరవం ఉంటుందని రాజేంద్రప్రసాద్ ప్రకటించారు.

వాద్యబృందానికి తగిన కూర్పును నెహ్రూ కోరిక మీద బ్రిటిష్ స్వరకర్త హెర్బర్ట్ మరిల్ సమకూర్చారు. ఠాగూర్ బాణీకి ఇది సహజంగా ఒదిగింది. గమకాలు లేని నిటారు స్వరాలు ట్రంపెట్‌కు, క్లారినెట్‌కు కష్టం కావు. గాంధారం మీదో పంచమం మీదో బాణీ చాలాసేపు నిలుస్తుంది కాబట్టి, ఆ స్వరం కింద తోడు స్వరాలు పేర్చడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది.

పొరుగు దేశాల గీతాలకు బాణీలు వేరే దారుల్లో వచ్చాయి. ఠాగూర్ రాసిన ‘అమార్ సోనార్ బాంగ్లా’ బంగ్లాదేశ్ జాతీయ గీతమైంది. దాని బాణీకి ఆధారం గగన్ హర్కరా పాడిన బావుల్ పాట. పాకిస్తాన్ దారి పూర్తిగా వేరు. అక్కడ అహ్మద్ చాగ్లా బాణీ ముందు తయారైంది, హఫీజ్ జలంధరీ మాటలు ఆ తర్వాత వచ్చాయి.

పాడే తీరు, పొట్టి రూపం

ప్రభుత్వ నియమాల ప్రకారం బ్యాండు మీద గీతం వాయించే ముందు డ్రమ్ముల మోత ఉంటుంది. నెమ్మదిగా మొదలై, బాగా పెరిగి, తిరిగి తగ్గుతూ, ఏడు అడుగుల కాలం పాటు సాగుతుంది. తర్వాత ఒక అడుగు నిశ్శబ్దం, ఆ వెంటనే పాట. పాడడానికి సిద్ధమవమని సభకు ఇచ్చే సూచన అది.

బడుల్లో ఈ సూచన ఉండదు. ఎవరో ఒకరు తోచిన శ్రుతిలో ఎత్తుకుంటారు. గొంతు బాగున్న పిల్ల ఉత్సాహంగా పై శ్రుతిలో మొదలుపెడితే, జయధ్వానం దగ్గర సగంమంది గొంతులు చీలిపోతాయి. షడ్జాన్ని ఎంచుకునేటప్పుడు తార షడ్జం అందరికీ అందుతుందో లేదో ముందే చూసుకోవాలి. నడకను కూడా ఈడ్చకూడదు. 52 సెకన్ల కాలప్రమాణంలో పాట చురుగ్గా నడుస్తుంది. విషాదంగా సాగదీస్తే చతురస్ర గతి చెదిరిపోతుంది. 2000 సంవత్సరంలో ఎ.ఆర్. రహ్మాన్ సారథ్యంలో వచ్చిన ఆల్బమ్‌లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం వంటివారు గొంతు కలిపారు, మాండొలిన్ శ్రీనివాస్ వాయించారు. ఎవరి బాణీ ముద్ర వారు వేసినా అస్థిపంజరం ఎక్కడా కదలకపోవడం ఆ రికార్డులో గమనించవలసిన విషయం.

కొన్ని సందర్భాల్లో, ముఖ్యంగా సైనిక మెస్సుల్లో విందు సమయాన, మొదటి పాదాలు, చివరి పాదాలు మాత్రమే కలిపి సుమారు 20 సెకన్ల పొట్టి రూపాన్ని వాయిస్తారు. సంగీతపరంగా ఇది పూర్తి గీతం కన్నా కష్టం. పూర్తి గీతంలో పంచమం పాదం, గాంధారం మీద ఆగే పాదం రెండూ గొంతును మెట్టుమెట్టుగా పైకి తెస్తాయి. పొట్టి రూపంలో ఆ మెట్లు ఉండవు. రెండో పాదం కింది షడ్జం మీద ఆగీ ఆగకముందే తారస్థాయికి ఎగరాలి. వాద్యాలకు అది పెద్ద పని కాదు, గొంతుకు పరీక్షే. అందుకే పొట్టి రూపం పాడడానికి కన్నా బ్యాండుకే బాగా నప్పుతుంది.